నల్లరేగడి కింద ఏముంది?
గురుత్వం, అయస్కాంతం కలిసి చెప్పే భూగర్భ సమాచారం

హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం, బెంగళూరు, మదురైల మీదుగా కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి చివరి అంచెలో విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా వస్తాయి. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి చేలు. మధ్యలో వైప్పారు నది, ఏడాదిలో చాలా నెలలు అందులో నీటికన్నా ఇసుకే ఎక్కువ. అగ్గిపెట్టెలకూ, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి పల్లీపట్టీకీ పేరున్న సీమ ఇది.

తెలుగువారికి ఈ సీమ పరాయిది కాదు. విజయనగర, మదురై నాయక రాజుల కాలంలో దక్షిణానికి తరలిన తెలుగు కుటుంబాలెన్నో ఇక్కడి కరిసల్ (నల్లరేగడి) నేలను నమ్ముకుని స్థిరపడ్డాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. ఆ వలస బతుకులనే ఆయన తమిళంలో 'గోపల్ల గ్రామం' నవలగా మలిచారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందింది.

తరతరాలుగా ఇక్కడి రైతు ఎరిగిన నేల పైపై మీటర్లది. దాని కింద ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ లోతులో పగిలి ఉందో నాగలికి అందదు, కంటికి కనబడదు. బావి తవ్వినా బోరు వేసినా తెలిసేది ఆ ఒక్క చోటి సంగతే. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా ఉన్న నేలంతటి లోపలి స్వరూపాన్ని గడ్డపార దించకుండా తెలుసుకోవడానికి భూభౌతిక శాస్త్రం రెండు కొలతలను ఆశ్రయిస్తుంది. ఒకటి గురుత్వాకర్షణ, రెండోది అయస్కాంత క్షేత్రం.

లోతుల్లో పుట్టిన రాళ్లు

మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణల్లో నల్లరేగడి చాలాచోట్ల బసాల్టు శిలల మీద ఏర్పడింది. కోవిల్‌పట్టి ప్రాంతంలో బసాల్టు పరుపు లేదు. ఇక్కడి రేగడి కింద ఉన్నవి నైస్, చార్నకైట్ వంటి అతి పురాతన శిలలు. తమిళనాడు, కేరళల్లో విస్తరించిన ఈ ప్రాంతాన్ని భూవిజ్ఞానులు దక్షిణ గ్రాన్యులైట్ మండలం అంటారు. గ్రాన్యులైట్ శిలలు భూమి లోపల దాదాపు 20 కిలోమీటర్లు, అంతకు మించిన లోతుల్లో, 800 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడిలో ఉడికి రూపం మార్చుకున్నవి. ఇక్కడి శిలల మీద అలాంటి ఆఖరి పెద్ద వేడి ముద్ర సుమారు 55 కోట్ల ఏళ్ల కిందటిది. ఆ తర్వాత కోట్ల ఏళ్ల పాటు పైపొరలు అరిగిపోయి, ఒకప్పటి లోతు నేటి ఉపరితలమైంది.

చార్నకైట్ అన్న పేరు కలకత్తాలోని జాబ్ చార్నక్ సమాధి రాయి నుంచి వచ్చింది. మద్రాసు ప్రాంతపు రాయితో చేసిన ఆ ఫలకాన్ని పరిశీలించి 1893లో థామస్ హాలండ్ ఈ పేరు పెట్టాడు. దీనికి తోడుగా కనిపించే ఖోండలైట్ తెలుగువారికి ఇంకా దగ్గరిది. విశాఖపట్నం చుట్టూ ఉన్న కొండల్లో కనిపించే రాయి అదే.

కోవిల్‌పట్టి, విరుదునగర్‌లు ఈ మండలంలో మదురై బ్లాకు అనే భాగంలో ఉన్నాయి. దీనికి దక్షిణపు హద్దు అచ్చన్‌కోవిల్ షియర్ జోన్. రెండు శిలాఖండాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగినప్పుడు మధ్యలో నలిగి, సాగి, పొరలు పొరలైన పట్టీ ఇది. కేరళలోని అచ్చన్‌కోవిల్ వైపు నుంచి పశ్చిమ కనుమలను దాటి ఆగ్నేయంగా తమిళ మైదానంలోకి వస్తుంది. కొండల్లో దాని ఆనవాళ్లు కంటికి కనిపిస్తాయి. మైదానంలో మట్టి కప్పేసిన చోట దాని జాడ పట్టాలంటే కొలతలే దిక్కు.

మిల్లీగాల్ లెక్క

కింద బరువైన రాయి ఉంటే అక్కడ భూమి ఆకర్షణ రవ్వంత ఎక్కువ, తేలికైన రాయి ఉంటే రవ్వంత తక్కువ. గురుత్వ సర్వేకు ఆధారం ఇంతే. గ్రానైటు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములు. చార్నకైట్ తరచుగా 2.7 నుంచి 2.8 దాకా ఉంటుంది. ఆ కొద్దిపాటి తేడాను నేల మీద నిలబడి పట్టుకోవాలి.

కొలతకు ప్రమాణం గాల్, గెలీలియో పేరిట పెట్టినది. అందులో వెయ్యో వంతు మిల్లీగాల్. ఇక్కడి మొత్తం గురుత్వం దాదాపు 9,78,000 మిల్లీగాల్‌లు. ఒక మిల్లీగాల్ మార్పు వస్తే 50 కిలోల మనిషి బరువులో వచ్చే తేడా దాదాపు 50 మిల్లీగ్రాములు. గ్రావిమీటరు అనే పరికరం ఇంతకన్నా ఎన్నో రెట్లు సూక్ష్మమైన తేడాను పసిగడుతుంది. అందులో ఒక స్ప్రింగుకు చిన్న బరువు వేలాడుతూ ఉంటుంది. ఆకర్షణ పెరిగితే స్ప్రింగు కాస్త సాగుతుంది. నేటి పరికరాలు మిల్లీగాల్‌లో వెయ్యో వంతు దాకా చదవగలవు.

అసలు కష్టం చదివిన తర్వాత మొదలవుతుంది. భూమి గుండ్రంగా తిరుగుతూ నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉండడం వల్ల, భూమధ్యరేఖ నుంచి ధ్రువం వైపు వెళ్లేకొద్దీ గురుత్వం పెరుగుతుంది. కోవిల్‌పట్టి 9.17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, విరుదునగర్ 9.58 దగ్గర ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా ఈ దూరం 45 కిలోమీటర్లు. కింద రాయి ఎక్కడా మారకపోయినా కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ చేరేసరికి గురుత్వం దాదాపు 12 మిల్లీగాల్‌లు పెరగాలి. ఇక ఒక కిలోమీటరు మందం ఉన్న విశాలమైన శిలాపరుపు చుట్టుపక్కల కంటే ఘన సెంటీమీటరుకు 0.1 గ్రాము బరువైనదైతే ఇచ్చే తేడా 4.2 మిల్లీగాల్‌లే. మనం వెతికే రాయి కన్నా మూడు రెట్లు పెద్ద మార్పు అక్షాంశం నుంచే వస్తోందన్నమాట. దాన్ని ముందే తీసివేయాలి.

ఎత్తుదీ ఇదే సంగతి. ఒక్క మీటరు పైకెక్కితే భూకేంద్రానికి దూరమై గురుత్వం 0.3086 మిల్లీగాల్ తగ్గుతుంది. ఆ మీటరు మేర కాలికింద చేరిన రాయి 0.11 మిల్లీగాల్ తిరిగి ఇస్తుంది. మిగిలే తేడా మీటరుకు సుమారు 0.2. కాబట్టి కొలత చోటి ఎత్తు తప్పితే భూగర్భ చిత్రమే తప్పుతుంది. ఈ రెండో సవరణకు ఆద్యుడు 1735లో ఆండీస్ పర్వతాలకు బయల్దేరిన ఫ్రెంచి యాత్రలో ఉన్న పియర్ బూగే. అన్ని సవరణలూ చేశాక మిగిలే తేడాను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పక్కనున్న కొండలు, సూర్యచంద్రుల ఆకర్షణ, పగలంతా ఎండలో తిరిగిన స్ప్రింగు అలసట కూడా లెక్కలోకి రావాల్సినవే. స్ప్రింగు మార్పు పట్టడానికి సర్వే బృందం కొద్ది గంటలకోసారి మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి మళ్లీ కొలుస్తుంది.

ఈ దారినే సాగిన తొలి పాఠం

భూమి లోపలి బరువును బయటి నుంచి కొలవవచ్చన్న సంగతిని ప్రపంచానికి బలంగా చాటినవాటిలో భారతదేశపు కొలతలు ముఖ్యమైనవి. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గరి సెయింట్ థామస్ మౌంట్ వద్ద మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేకు వెన్నెముక 78వ తూర్పు రేఖాంశాన్ని అంటిపెట్టుకుని కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా సాగిన గొలుసు. విరుదునగర్, కోవిల్‌పట్టి ఆ రేఖాంశానికి పక్కనే ఉన్నాయి.

ఆ గొలుసు ఉత్తర కొసలో ఒక చిక్కు వచ్చింది. కల్యాణ్‌పూర్, కలియానా అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని నేల మీద కొలిస్తే ఒక లెక్క, నక్షత్రాలను బట్టి కొలిస్తే మరో లెక్క. తేడా 5.24 సెకన్ల కోణం. హిమాలయాలు తూకపు గుండును తమ వైపు లాగుతున్నాయని జాన్ ప్రాట్ 1855లో లెక్కవేశాడు. కొండల పరిమాణం చూస్తే ఆ తేడా దాదాపు 15.9 సెకన్లు ఉండాలి. ఉన్నది అందులో మూడో వంతే. అంటే పైకి కనబడే కొండ బరువును కింద ఎక్కడో తేలికైన పదార్థం సరిదిద్దుతోంది. పర్వతాలకు లోతుల్లో తేలికైన వేళ్లున్నాయని జార్జ్ ఎయిరీ అదే ఏడాది ప్రతిపాదించాడు. ఆ తర్వాత జేమ్స్ బాసెవీ 1865 నుంచి 1871లో లదాఖ్‌లో ప్రాణం విడిచేదాకా లోలకాలు పట్టుకుని దేశమంతా గురుత్వం కొలిచాడు. నేడు కోవిల్‌పట్టి పొలాల్లో గ్రావిమీటరు దించే విద్యార్థి ఆ పరంపరలోని మనిషి.

అయస్కాంత మధ్యరేఖ మీద

రెండో కొలత అయస్కాంతానిది. శిలల్లో ఇనుప ఖనిజమైన మాగ్నటైట్ ఉంటే, భూమి క్షేత్రంలో ఆ శిల తానే ఒక బలహీనమైన అయస్కాంతమవుతుంది. చార్నకైట్‌లో మాగ్నటైట్ తరచుగా ఉంటుంది. సున్నపురాయిలో దాదాపు ఉండదు. అందుకే గురుత్వానికి ఒకేలా కనిపించే రెండు రాళ్లు అయస్కాంతానికి వేర్వేరుగా దొరికిపోతాయి.

ఇక్కడి మొత్తం క్షేత్రం సుమారు 40,000 నానోటెస్లాలు. శిలల వల్ల అందులో వచ్చే తేడా పదుల నుంచి కొన్ని వందల దాకా ఉంటుంది. ఈ క్షేత్రాన్ని కొలిచే మ్యాగ్నెటోమీటరు పట్టుకున్న మనిషి జేబులో తాళంచెవులు, నడుముకు ఇనుప బకిల్ ఉండకూడదు. విరుదునగర్–కోవిల్‌పట్టి రైలు పట్టాలకు, కరెంటు తీగలకు, కయత్తారు వైపు నిలబడిన గాలిమరల ఉక్కు స్తంభాలకు దూరంగా నడవాలి.

అన్నిటికన్నా విశేషం ఈ సీమ ఉన్న చోటు. భూమికి అయస్కాంత మధ్యరేఖ ఒకటుంది. అక్కడ క్షేత్రరేఖలు నేలకు సమాంతరంగా ఉంటాయి, ముల్లు పైకీ కిందికీ వాలదు. ఆ రేఖ దక్షిణ భారతపు కొసలో తిరునెల్వేలి ప్రాంతం దగ్గరగా పోతుంది. కేరళలోని తుంబాను రాకెట్ కేంద్రంగా ఎంచుకోవడానికీ, 1963 నవంబరు 21న అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగరడానికీ ఈ రేఖే కారణం. భారత భూ అయస్కాంత సంస్థ తిరునెల్వేలి దగ్గర పరిశోధనశాల నడపడానికీ అదే కారణం.

ఈ స్థానం సర్వేకు రెండు చిక్కులు తెస్తుంది. మొదటిది ఆకాశం నుంచి వచ్చేది. అయస్కాంత మధ్యరేఖకు పైన, సుమారు 105 కిలోమీటర్ల ఎత్తులో, పగటిపూట ఒక బలమైన విద్యుత్ ప్రవాహం పారుతుంది. దాన్ని ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అంటారు. మధ్యాహ్నం వేళ అది నేల మీది క్షేత్రాన్ని వంద నానోటెస్లాల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా పెంచగలదు. ఉదయం ఒక పొలంలో, మిట్టమధ్యాహ్నం పక్క పొలంలో కొలిచి రెండింటి తేడా రాయిదే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అందుకే ఒక మ్యాగ్నెటోమీటరును రోజంతా ఒకే చోట నిలిపి, అందులో నమోదైన ఆకాశపు మార్పును నడిచే పరికరం కొలతల నుంచి తీసివేస్తారు.

రెండో చిక్కు రాతి గుర్తు తలకిందులు కావడం. ధ్రువాల దగ్గర అయస్కాంత శిల మీద క్షేత్రం పెరుగుతుంది. మధ్యరేఖ దగ్గర శిల అడ్డంగా, ఉత్తరం వైపుకు అయస్కాంతమవుతుంది. దానికి నేరుగా పైన దాని సొంత క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురు తిరుగుతుంది. ఫలితంగా శిల సరిగ్గా ఉన్న చోట కొలత పడిపోతుంది, దానికి ఉత్తర దక్షిణాల్లో పెరుగుతుంది. ఐరోపా పాఠ్యపుస్తకపు బొమ్మ పట్టుకుని విరుదునగర్ పటంలో ఎత్తులు వెతికేవారికి శిల పక్కకు జరిగి కనిపిస్తుంది. ఇంకో సంగతి: సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా పడుకున్న పొడవాటి డైక్, అంటే శిలల పగులులోకి కరిగిన రాయి ఎక్కి గట్టిపడిన గోడ, ఇక్కడ దాదాపు కనబడదు. దాని రెండు కొసల దగ్గరే గుర్తు మిగులుతుంది. తూర్పు పడమరల డైక్ మాత్రం స్పష్టంగా దొరుకుతుంది. కాబట్టి ఇక్కడి అయస్కాంత పటంలో ఏమీ లేదన్నంత మాత్రాన కింద ఏమీ లేదని చెప్పలేం. అలాంటి చోట గురుత్వం మాట వినాలి. దానికి దిక్కుల పట్టింపు లేదు.

ఒక తేడాకు వంద సమాధానాలు

కొలతలు, సవరణలు అయ్యాక చేతికి వచ్చేది ఒక వంపుల గీత. దాని నుంచి భూగర్భ నమూనా కట్టాలి. ఇక్కడే ఈ శాస్త్రంలోని అసలు కష్టం ఉంది. పైన చెప్పిన 4.2 మిల్లీగాల్‌ల తేడానే తీసుకుందాం. 0.1 గ్రాము బరువెక్కువున్న కిలోమీటరు మందపు పరుపు దాన్ని ఇస్తుంది. 0.2 బరువెక్కువున్న అర కిలోమీటరు పరుపూ ఇస్తుంది. 0.05 ఎక్కువున్న రెండు కిలోమీటర్ల పరుపూ అంతే ఇస్తుంది. గణితం మూడింటినీ సమానంగా ఒప్పుకుంటుంది. పరికరం ఎంత సూక్ష్మమైనదైనా ఈ సందిగ్ధం తీరదు. అది కొలతలో లోపం కాదు, గురుత్వ నియమంలోనే ఉన్న గుణం.

ఆ సందిగ్ధాన్ని తగ్గించేవి ఇతర ఆధారాలు. బయటికి కనబడే రాళ్ల నుంచి ముక్కలు తెచ్చి గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచి సాంద్రత తేల్చాలి. అప్పుడు 0.05, 0.1, 0.2లలో ఏది సాధ్యమో తెలుస్తుంది. వంపు ఎంత వెడల్పుగా ఉందో చూడాలి. వెడల్పాటి వంపు సాధారణంగా లోతును, నిటారైన వంపు పైపొరలను సూచిస్తుంది. ఒక గోళాకారపు శిల అయితే వంపు శిఖరం నుంచి సగం ఎత్తు దాకా ఉన్న అడ్డ దూరానికి సుమారు 1.3 రెట్లు దాని కేంద్రపు లోతు.

తర్వాత భూగర్భాన్ని నిలువుగా కోసినట్టు ఊహించి, ఒక్కో శిలకు బహుభుజి ఆకారం ఇచ్చి, దాని ఆకర్షణ ఎంతో లెక్కగడతారు. ఈ పద్ధతిని మానిక్ తల్వానీ, అతని సహచరులు 1959లో కంప్యూటరుకు అనువుగా తీర్చిదిద్దారు. లెక్కకూ కొలతకూ పొంతన కుదిరేదాకా ఆ ఆకారాలను సవరిస్తారు. అదే నమూనా అయస్కాంత కొలతకూ సరిపోవాలి. రెండింటినీ ఒకేసారి తృప్తిపరిచే ఆకారాలు చాలా తక్కువ. నమూనాకు విలువ వచ్చేది అక్కడే.

ఈ లెక్కల విద్యలో తెలుగు నేల వాటా పెద్దది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఐ.వి. రాధాకృష్ణమూర్తి జీవితకాలం ఈ శాస్త్రానికే అంకితమై, గురుత్వ, అయస్కాంత కొలతలను ఎలా చదవాలో చెప్పే గ్రంథాన్ని రాశారు. భారత భూవిజ్ఞాన సంఘం దాన్ని 1998లో ప్రచురించింది. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దేశమంతటి గురుత్వ పటాన్ని 1975లో వెలువరించింది. చిత్తూరు జిల్లా కుప్పం నుంచి తమిళనాడులోని పళని దాకా భూకంప తరంగాలు, గురుత్వం, విద్యుత్ కొలతలు కలిపి జరిపిన భూగర్భ అధ్యయనం 2003లో గ్రంథంగా వచ్చింది. దక్షిణ గ్రాన్యులైట్ మండలం కింద భూపటలం 40 కిలోమీటర్లకు పైబడి మందం ఉందని, అడుగుపొరలు చోటుచోటుకూ మారుతున్నాయని అది చూపింది. ఆ లోతైన చిత్రం చేతిలో ఉంటేనే కోవిల్‌పట్టి వంటి చోట పైపొరల గుర్తును లోపలి గుర్తు నుంచి విడదీయగలం. ఇంకా లోతు నుంచి వచ్చే గుర్తూ ఒకటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో సముద్రమట్టం సగటు లెక్క కంటే 106 మీటర్లు కుంగి ఉండే ప్రపంచంలోనే అతి పెద్ద గురుత్వ లోటు ఉంది. దాని అంచు దక్షిణ భారతం దాకా పాకింది. దాని మూలం భూపటలానికి చాలా కింద, మాంటిల్‌లో ఉంది. స్థానిక శిలను వెతికేవారు ఈ విశాలమైన వాలును ముందుగా తీసి పక్కన పెట్టాలి.

ఈ నేలకు ఏం మేలు?

మొదటి మేలు విజ్ఞానానిది. అచ్చన్‌కోవిల్ పట్టీకి జత మడగాస్కర్‌లో ఉందని భావించే శాస్త్రవేత్తలున్నారు. గోండ్వానా మహాఖండంలో రెండూ పక్కపక్కనే ఉండేవి. తమిళ మైదానంలో మట్టి కింద ఆ పట్టీ సరిగ్గా ఎటు తిరిగిందో, ఎంత లోతుకు దిగిందో తెలిస్తే విడిపోయిన ఖండాల అతుకు ఇంకాస్త కచ్చితంగా కలుస్తుంది.

రెండోది ఖనిజాలది. అరుప్పుకోట దగ్గరి పందల్‌గుడిలో స్ఫటిక సున్నపురాయి దొరుకుతుంది. దాని ఆధారంగా, రాజపాళయం తెలుగు రాజుల కుటుంబానికి చెందిన పి.ఎ.సి. రామసామి రాజా స్థాపించిన సంస్థ విరుదునగర్ పక్కనే సిమెంటు కర్మాగారం నెలకొల్పింది. సున్నపురాయి సాంద్రత సుమారు 2.7. చుట్టూ ఉన్న నైస్‌కూ దానికీ గురుత్వంలో పెద్ద తేడా రాకపోవచ్చు. అయస్కాంత పటంలో మాత్రం అది అలజడి లేని చోటుగా బయటపడే అవకాశం ఉంది. రెండు కొలతలూ కలిసి ఎందుకుండాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నీరు. గట్టి రాతి నేలలో నీరు నిలిచేది రెండు చోట్లే: పైన శిథిలమై మెత్తబడిన రాతిపొరలో, కింద పగుళ్లలో. గ్రావిమీటరు నీటిని నేరుగా చూపదు. నీరు నిలవగల చోటును చూపగలదు. చుట్టూ ఉన్న గట్టి రాయి కన్నా ఘన సెంటీమీటరుకు 0.5 గ్రాము తేలికైన శిథిల శిల 20 మీటర్ల లోతు దాకా నిండి ఉంటే గురుత్వం 0.4 మిల్లీగాల్ తగ్గుతుంది. ఐదు సెంటీమీటర్ల కచ్చితత్వంతో ఎత్తులు తీసుకుంటే ఇది హాయిగా దొరికే తేడా. భూగర్భ నీటిని అడ్డగించే డైక్‌లు, దాన్ని నడిపించే భ్రంశాలు అయస్కాంత పటంలో గీతలుగా తేలతాయి. ఆ గీతల దగ్గర విద్యుత్ నిరోధ పరీక్ష చేసి అప్పుడు బోరు వేస్తే, ఎండిన బోర్ల లెక్క తగ్గుతుంది.

రాయలసీమలోనూ, దక్షిణ తెలంగాణలోనూ రైతు కష్టం ఇదే. అప్పు చేసి బోరు మీద బోరు వేసి మట్టిపాలవుతున్న సొమ్ములో కొద్ది భాగం ముందస్తు కొలతలకు ఖర్చు పెడితే ఎన్నో కుటుంబాలు నిలబడతాయి. భారత భూవిజ్ఞాన సర్వే సేకరించిన గురుత్వ, అయస్కాంత సమాచారం చాలా భాగం 'భూకోశ్' వెబ్‌సైటులో ప్రజలకు అందుబాటులో ఉంది. దాన్ని ఊరి స్థాయికి దించి, రైతుకు అర్థమయ్యే పటంగా మార్చే బాధ్యత ప్రభుత్వాలదీ, విశ్వవిద్యాలయాలదీ. జిల్లాకొక చిన్న భూభౌతిక బృందం, రెండు పరికరాలు, చదువుకున్న నలుగురు యువకులు ఉంటే ఈ పని మొదలవుతుంది. విద్య మన దగ్గర ఉంది, గురువులు మన దగ్గరే పుట్టారు. భూభౌతికం చదవాలనుకునే విద్యార్థులారా, ఈ శాస్త్రంలోకి రండి. మీరు గీసే ప్రతి మంచి పటం ఒక రైతుకు ఒక వృథా బోరు ఖర్చు తప్పిస్తుంది.